వెల్లకిలా ఎగిరే పక్షి

రైలు రాని ఊళ్ళో పుట్టిన నాకు, ఏ రైలూ ఎక్కకముందే, ఒక మెట్రో స్టేషన్ గురించి చాలా తెలుసు. అది నేల కింద రెండంతస్తుల లోతున ఉంటుందని తెలుసు. దాని స్తంభాలు పైకి వెళ్ళేకొద్దీ కొబ్బరి మట్టల్లా విచ్చుకుంటాయని, పైకప్పు బోర్లించిన నావ కడుపులా వంపు తిరిగి ఉంటుందని, ఆ కప్పు కింద ప్లాట్‌ఫాం పొడవునా గోడ మీద గాజు బిళ్ళల పక్షులు ఎగురుతుంటాయని తెలుసు. ఇవన్నీ మా నాన్న దుబాయ్ నుంచి ఫోన్‌లో చెప్పినవి. నాన్న టైల్స్ మేస్త్రీ. ఐనవిల్లి పక్కన మా ఊరు. మా ఇంటి నుంచి ఎటు వెళ్ళాలన్నా బస్సే. నా క్లాసులో రైలు చూసినవాళ్ళు ముగ్గురే. వాళ్ళు రైలు గురించి గొప్పలు పోతుంటే నేను లోలోపల నవ్వుకునేదాన్ని. మా నాన్న కడుతున్నది రైలు ఆగే చోటు కదా.

శుక్రవారం అక్కడ సెలవు. ఆ రోజు సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఇల్లు కడిగి, వంట ముగించి, మొహానికి పౌడరు కూడా రాసుకుని కూర్చునేది. ఫోన్‌లో మొహం కనిపించని రోజులవి, అయినా రాసుకునేది. సిగ్నల్ వంటింటి కిటికీ దగ్గర మాత్రమే అందేది కాబట్టి ఫోన్‌ను ఒక గుడ్డ సంచిలో వేసి ఆ కిటికీ చువ్వకు వేలాడదీసేది. కిటికీ అవతల కొబ్బరి డొక్కల పోగు. తడిసిన పీచు వాసన, అమ్మ పౌడరు వాసన, ఆ సాయంత్రానికి ఉడికిన కంద వాసన కలిసి నా ముక్కులో నాన్న వాసనగా స్థిరపడిపోయాయి. ఇప్పటికీ ఎక్కడైనా తడి పీచు వాసన తగిలితే ఫోన్ మోగుతుందేమో అని చూస్తాను.

ఫోన్ మోగగానే ముందు మామ్మకు ఇవ్వాలి. మామ్మ అంటే నాన్న తల్లి. ఫోన్‌ను చెవికి కాకుండా నోటికి ఎదురుగా పట్టుకుని, దుబాయ్ దాకా వినపడాలన్నట్టు అరిచేది. "ఏరా నాయనా, తిన్నావా? అక్కడ చేపలు దొరుకుతాయంట కదా, మన పక్కోళ్ళ కుర్రాడు చెప్పేడు. ఇసక తినకు!" ఇసుక ఎందుకు తింటాడని అమ్మ నవ్వితే, "గాలికి కూట్లో పడదేంటే, నువ్వెళ్ళి చూసొచ్చేవా?" అని కసిరేది. తర్వాత అమ్మ. అమ్మ మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి గోడ వైపు తిరిగేది. చివర నేను. నా వంతుకు వచ్చేసరికి నాన్న ఫోన్ కార్డులో మూడు నాలుగు నిమిషాలే మిగిలేవి. ఆ నిమిషాల్లో నాన్న నాకు స్టేషన్ కట్టేవాడు. "ఈ వారం ఏం కట్టేరు నాన్నా?" అని అడిగితే చాలు. పునాది తవ్వుతుంటే పాత పడవ పక్కటెముకల్లాంటి కలప బయటపడిందని, ఒకప్పుడు అది చేపల బజారని ముసలివాళ్ళు వచ్చి చెప్పారని, ఆ కలపను పారేయకుండా పెద్దసార్లు గుడ్డలో చుట్టి దాచారని చెప్పాడు. గోడల్లోంచి ఉప్పునీరు ఊరుతుంటే మోటార్లు పెట్టి తోడుతూనే ఉన్నారని చెప్పాడు. ఒక వారం, "నేల కింద ఆకాశం అంటిస్తున్నామమ్మా," అన్నాడు. నేను ఫోన్ పెట్టగానే ఆ మాటను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నేను డైరీ రాయడం అలా మొదలైంది. ప్రతి శుక్రవారం ఒక పేజీ.

ఆ ఏడాది మధ్యలో నాన్న సెలవు మీద వచ్చి ఒక నెల ఉన్నాడు. సబ్బులు, సెంట్లు, దుప్పట్లతో పాటు పెట్టె అడుగున అడుగున్నర పొడవు, అంతే వెడల్పు ఉన్న ఒక షీటు తెచ్చాడు. పనిలో మిగిలిందట. ఒక వైపు గోధుమరంగు కాగితం. దాని మీద ఒక నంబరు, ఒక బాణం గుర్తు. రెండో వైపు గోరంత గోరంత గాజు బిళ్ళలు, అన్నీ నీలమే, అయితే ఏ రెండూ ఒకే నీలం కాదు. మర్నాడు పొద్దున్నే మా బోరింగు చప్టా మీద ఒక మూల సిమెంటు చెక్కేసి, తెల్లటి జిగురు సిమెంటు పరిచి, కాగితం పైకి ఉండేలా ఆ షీటును దాని మీద అద్దాడు. చెక్క ముక్కతో మెల్లగా తట్టాడు. నీలం అడుగుకు పోయి మట్టిరంగు కాగితం మాత్రం కనిపిస్తోంది.

"ఇదేంట్రా, బొమ్మ కిందకి పెట్టి కాగితం పైకి పెట్టేవు?" అంది మామ్మ.

"అంతేనే అమ్మా. అక్కడా అంతే. అంటించేటప్పుడు మాకు బొమ్మ కనపడదు. నంబరు చూసి, బాణం పైకుండేలా పెట్టుకుంటూ పోతాం. కాగితం ఒలిచేకే ఏం అంటించేమో తెలిసేది."

"కళ్ళకి గంతలు కట్టి పని చేయించినట్టుందిరా."

"ఆయ్, అలాగే ఉంటది," అని నవ్వాడు నాన్న. కాసేపాగి నన్ను పిలిచి, కొబ్బరి పీచును గోరువెచ్చని నీళ్ళలో ముంచి నా చేతికిచ్చాడు. కాగితాన్ని తడపమన్నాడు. తడిపి, ఆగి, మళ్ళీ తడిపాను. కాగితం రంగు ముదిరి నల్లబడింది. "ఇప్పుడు మూల పట్టుకుని నీ వైపు లాగు బుజ్జమ్మా. పైకెత్తకు. పాల మీద మీగడ తీస్తావు చూడు, అలాగ." లాగాను. నీలం బయటికి వచ్చింది. ఎండ పడి ఆ చప్టా మూల ఒక్కసారిగా లోతైపోయినట్టు, దాని మీద కాలు పెడితే దిగిపోతామన్నట్టు అనిపించింది. మామ్మ వెనక్కి రెండడుగులు వేసింది. చాలా రోజుల పాటు ఆవిడ ఆ మూల మీద చెంబు పెట్టేది కాదు.

నాన్న వెళ్ళిపోయాక నాలుగైదు శుక్రవారాలకు, ఫోన్ నాకు అందగానే గొంతు తగ్గించాడు. "బుజ్జమ్మా, నీకో మాట చెప్తాను. ఎవరికీ చెప్పకూడదు. అమ్మకి కూడానూ." గోడ మీద పక్షుల గుంపులో ఒక పక్షి తలకిందులుగా పడిందట. చెమటకు ఆ షీటు మీద బాణం చెదిరిపోయింది, ఊహించి పెట్టాడు, మర్నాడు కాగితం ఒలిస్తే పక్షి కడుపు పైకి పెట్టి, వెల్లకిలా ఎగురుతోంది. అప్పటికి సిమెంటు రాయిలా బిగిసిపోయింది. వందల పక్షుల్లో ఒకటి, ఇంజనీరు చూసుకోలేదు. "తెలిస్తే ఉలి పెట్టి పీకించేస్తారు. నన్నూ పంపించేస్తారు. మనిద్దరికే తెలుసు, సరేనా?" సరేనన్నాను. ఎక్కడుందో చెప్పమన్నాను. మెట్లు దిగాక మూడో స్తంభం దగ్గర నిలబడి తలెత్తితే, కప్పు అంచు నుంచి నాలుగో వరస అన్నాడు. అదంతా రాసుకుని, కింద గీత గీసి, "నాకొక్కదానికే చెప్పాడు" అని రాశాను. ఆ అక్షరాలు మిగతా పేజీ కన్నా పెద్దవిగా ఉంటాయి.

ఆ రహస్యాన్ని నేను పదకొండు రోజులు దాచాను. మా వీధిలోనే వీరబాబు గారని ఉండేవారు. ఆయనా దుబాయ్‌లో నాన్నతో పాటు అదే గోడ మీద పనిచేసేవారు. వాళ్ళమ్మాయి లక్ష్మి నా క్లాసే. ఒక రోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర, "ఆ గోడంతా మా నాన్నే అంటించేడు, మీ నాన్న సిమెంటు కలుపుతాడంతే," అంది. అందరూ నా వైపు చూశారు. "మీ నాన్న పక్షులన్నీ మామూలుగా ఎగురుతాయి. మా నాన్న పక్షి వెల్లకిలా ఎగురుతుంది, తెలుసా?" అనేశాను. లక్ష్మి నోరు తెరిచింది. ఆ మాట గెలిచింది. గెలిచిన మరుక్షణమే నేను అన్నం మధ్యలో వదిలి గిన్నెకు మూత పెట్టేశాను.

తర్వాతి శుక్రవారం ఫోన్ మోగలేదు. అమ్మ పౌడరు రాసుకుని చీకటి పడేదాకా కిటికీ దగ్గరే కూర్చుంది. ఆదివారం పొద్దున్న వీరబాబు గారి నుంచి కబురు వచ్చింది. నాన్న కూలీల క్యాంపులో నిద్రలోనే పోయాడట. గుండె అన్నారు. పన్నెండు రోజులకు నాన్న ఉన్న పెట్టె వచ్చింది.

నా లెక్క నాకు స్పష్టంగా ఉంది. నేను లక్ష్మికి చెప్పాను. లక్ష్మి ఫోన్‌లో వాళ్ళ నాన్నకు చెప్పి ఉంటుంది. ఆయన నోటి నుంచి ఇంజనీరుకు చేరి ఉంటుంది. నాన్నను మళ్ళీ ఆ ఎత్తుకు ఎక్కించి, ఉలి ఇచ్చి, ఆ పక్షిని పీకించి ఉంటారు. నిద్రలో ఆగిన గుండె ఆ ముందు రోజే పగిలి ఉంటుంది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. అడిగితే తెలిసిపోతుంది కాబట్టి నేనూ ఎవరినీ అడగలేదు. మాట్లాడటం తగ్గించాను. మొదట బెంగ అనుకున్నారు, తర్వాత స్వభావం అనుకున్నారు. చుట్టాల ఇళ్ళలో "మీ మూగమ్మాయి ఎలా ఉంది?" అని అమ్మను అడిగేవారు. పుస్తకాలతో ఈ ఇబ్బంది లేదు. చదివినదాన్ని ఎవరికీ తిరిగి చెప్పనక్కర్లేదు. చివరికి అమలాపురంలో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం కూడా నిశ్శబ్దం పాటించమని బోర్డున్న చోటే దొరికింది. లక్ష్మి పెళ్ళయి కొత్తపేట వెళ్ళిపోయింది. ఊరికి వస్తే పలకరిస్తుంది. నేను తలూపుతాను.

మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, దుబాయ్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. మొన్న సెలవుల్లో టికెట్ తీసి పంపింది. "పదిహేడేళ్ళ నుంచి ఆ పిల్ల ఇంటికీ లైబ్రరీకీ తప్ప ఎక్కడికెళ్ళిందే? పంపించు," అని అమ్మతో గొడవపడింది. నేను వెళ్ళింది ఊరు చూడడానికి కాదు. గోడ చూడడానికి. పక్షి ఇంకా వెల్లకిలా ఉంటే, నా మాట ఎవరికీ చేరలేదు. నాన్నను ఎవరూ మళ్ళీ ఎక్కించలేదు. సరిచేసి ఉంటే, ఇన్నేళ్ళూ నేను అనుకున్నదే నిజం. విమానంలో ఆ పాత నోట్‌బుక్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

పిన్నికి విషయం చెప్పలేదు. నాన్న పనిచేసిన స్టేషన్ చూస్తానన్నాను. ట్యాక్సీలో నేను నోరు విప్పకపోతే, "ఏమైనా మాట్లాడవే తల్లీ, వీడు మనల్ని పోగొట్టేసేలాగున్నాడు," అని తనే డ్రైవరుకు హిందీ, అరబ్బీ, తెలుగు కలిపి దారి చెప్పింది. మెట్లు దిగుతుంటే చల్లగాలి ఎదురొచ్చింది. అన్నీ నాన్న చెప్పినట్టే ఉన్నాయి, అందుకే భయం వేసింది. టికెట్ల హాలులో ఒక గాజు పెట్టెలో నల్లబడిన కలప, పడవ పక్కటెముకలు. కింద రాతి పలక మీద చేపల బజారు చరిత్ర. నా నోట్‌బుక్‌లో ఉన్న మాటలే అక్కడ రాతిలో చెక్కి ఉన్నాయి. స్తంభాలు మట్టల్లా విచ్చుకున్నాయి. కప్పు నావలా వంగింది. రైలు వచ్చి వెళ్ళిన ప్రతిసారీ వేడి గాలి ఒకటి లేచి నా జుట్టును నుదుటి మీదికి తోసేది, చేత్తో తోసినట్టు. ఎవరో వెనక నడుస్తున్నట్టు రెండుసార్లు తిరిగి చూశాను.

మెట్లు దిగి మూడో స్తంభం దగ్గర నిలబడి తలెత్తాను. నాలుగో వరస. తెల్లటి పక్షులు, రెక్కల చివర నలుపు, అన్నీ ఒకే వైపు, అన్నీ సరిగ్గా ఎగురుతున్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. మూడో వరస, ఐదో వరస. ఒక్కటీ తలకిందులుగా లేదు. అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. సరిచేశారు. పీకించారు.

"ఏంటే, ఏమైంది? నీళ్ళు తాగుతావా?" పిన్ని నా మొహం చూసి కంగారు పడింది.

అప్పుడు చెప్పాను. మొత్తం కాదు, నాన్న ఒక పక్షి గురించి చెప్పాడని, మూడో స్తంభమన్నాడని, అది లేదని.

పిన్ని అటూ ఇటూ చూసింది. "ఏ మెట్లే?"

"అంటే?"

"మనం దిగింది ఈ చివర. నాకు తెలిసి ముందు ఇటు దారే లేదు. నేనొచ్చిన కొత్తలో జనం అంతా అదిగో, ఆ కాఫీ కొట్టు పక్కనుంచి దిగేవోరు. మీ నాన్న వాళ్ళు అటునుంచే దిగుంటారు."

ప్లాట్‌ఫాం ఆ చివరికి నడిచాము. అది చాలా పొడవు. అటు నుంచి మూడో స్తంభం దగ్గర ఒక చిన్న గుంపు ఉంది. మెడలో కార్డు వేసుకున్న ఒక అమ్మాయి ఇంగ్లీషులో వాళ్ళకు గోడ గురించి చెబుతోంది. గాజు ఏ దేశం నుంచి వచ్చిందో, గీసిన చిత్రకారుడు ఎవరో, వలస పక్షులు ఈ తీరానికి ఎందుకు వస్తాయో. తర్వాత చెయ్యి పైకి చూపించింది. "జాగ్రత్తగా చూడండి. ఇంత గుంపులో ఒక్క పక్షి మాత్రం వెల్లకిలా ఎగురుతోంది. దారి వైపు కాకుండా ఆకాశం వైపు చూస్తోంది. ఇది చిత్రకారుడు మనకు వదిలిన ప్రశ్న." గుంపులో ఆహా అన్నారు. ఒకాయన ఫోటో తీశాడు.

అది అక్కడే ఉంది. నాలుగో వరస. తెల్లటి కడుపు పైకి, రెక్కలు కిందికి, చుట్టూ నీలం ఒక గడి మేర మాత్రం పక్క నీలాలతో కలవకుండా. అడుగున్నర పొడవు, అంతే వెడల్పు.

"ఏమైనా అడగాలా?" అంది ఆ అమ్మాయి, నేను నోరు తెరవడం చూసి. పిన్ని నన్ను మోచేత్తో పొడిచింది. ఇంగ్లీషు వాక్యం నా నాలుక మీద సిద్ధంగా ఉంది: అది మా నాన్న చెమట. నేను తల అడ్డంగా ఊపాను. చిన్నప్పటి నుంచి నేను మాట్లాడకపోవడం భయం వల్లే. ఆ ఒక్కసారి మాత్రం కాదు. చెబితే, ఎవరైనా ఉలి తెస్తారు.

ఇంటికి వచ్చిన రోజు, బోరింగు దగ్గర గిన్నెలు తోముతున్న అమ్మకు ఫోన్‌లో ఫోటో చూపించాను. మామ్మ పోయి ఐదేళ్ళయింది. ఉంటే ఆవిడకే ముందు చూపించాల్సి వచ్చేది. అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూసింది.

"ఇదేనా ఆ పక్షి? ఇంకా అలాగే ఉందేంటే!" అంది.

"నీకు తెలుసా?"

"తెలీకపోడమేంటి? నాకు చెప్పేరు కదా. ఎవరికీ చెప్పకు, మా అమ్మకి అసలు చెప్పకు అన్నారు. తీరా చూస్తే అత్తయ్యగారికీ అదే చెప్పేరంట, కోడలికి చెప్పకని! ఆవిడ మర్నాడు ఇదిగో ఇక్కడే, నీళ్ళకొచ్చిన ఆడాళ్ళందరికీ చెప్పి ఒకటే నవ్వు."

"వీరబాబు గారికి తెలుసా?"

"ఆయనే కదే షీటు అందించింది! పోయిన రోజు కూడా పొద్దున్న దాన్ని చూసి ఇద్దరూ నవ్వుకున్నారంట. పెట్టెతో వచ్చినప్పుడు చెప్పి ఏడ్చేడు." అమ్మ నా వైపు తిరిగింది. "నీకూ చెప్పేరా?"

"చెప్పాడు," అన్నాను. "ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను లక్ష్మికి చెప్పేశాను."

అమ్మ నన్ను చాలాసేపు చూసింది. ఆ చూపులో పదిహేడేళ్ళు ఒక్కొక్కటిగా కదలడం నాకు కనిపించింది. తడి చేతితో నా మోచేయి పట్టుకుని వదిలింది.

నేను హాయిగా నిద్రపోవాలి ఆ రోజు. పోలేదు. నా మాట వల్ల నాన్నకు ఏమీ కాలేదు, నిజమే. కానీ ఆ భయం ఉన్నన్నాళ్ళూ ఆయన నా పక్కనే ఉన్నాడు. నేను ఏ గదిలోకి వెళ్ళినా నాతో పాటు ఒకరు నోరు మూసుకుని నిలబడేవారు. ఇప్పుడు ఆ చోటు ఖాళీ. నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాల వాక్యం ఒకటి అబద్ధమని తేలింది. దాన్ని కొట్టేయాలని పెన్ను తీసి, పెట్టేశాను. ఆ ఫోన్ కార్డు నిమిషాల్లో ఆయన ముగ్గురికీ ముచ్చటగా తలొక రహస్యం ఇచ్చాడు. ముగ్గురిలో నేనొక్కదాన్నే దాన్ని మోశాను.

మర్నాడు పొద్దున్న అమ్మ చప్టా కడుగుతూ పిలిచింది. ఆ మూల నీలం ఇంకా ఉంది. రెండు మూడు బిళ్ళలు ఊడాయి, సబ్బు తెట్టు పట్టింది, నీళ్ళు పోస్తే మళ్ళీ అదే లోతు.

"ఇదైనా సరిగ్గా పెట్టేరంటావా?" అంది, చీపురు మీద చెయ్యి ఆనించి.

వంగి చూశాను. పక్షి లేదు, అల లేదు, ఏ గుర్తూ లేదు. నీలం పక్కన నీలం. ఏది పైనో, ఏది కిందో దాన్ని చూసి చెప్పలేము. బాణం ఒకటి ఉండేది. అది కాగితం మీద ఉండేది. ఆ కాగితాన్ని నేనే, పాల మీద మీగడ తీసినట్టు, నా వైపుకు లాగి ఒలిచేశాను.